జూదాన్ని చట్టబద్ధం చేస్తే రాష్ట్రాల లోటు పూడుతుందా?

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగు యువకుడి ప్రశ్న క్లుప్తంగా ఇది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం నిషేధించింది. ఆ కంపెనీల్లో పనిచేసే నా మిత్రులతో సహా చాలామందికి ఉద్యోగాలు పోయాయి. జనం మాత్రం ఏదో ఒక దారిలో ఆడుతూనే ఉన్నారు. అలాంటప్పుడు లాటరీలు, క్యాసినోలు, క్రికెట్ బెట్టింగ్ అన్నింటినీ చట్టబద్ధం చేసి గట్టిగా పన్ను వేస్తే రాష్ట్రాల లోటు పూడుతుంది కదా? సొంత లాటరీ నడిపి కేరళ చేస్తున్న పని మిగతా రాష్ట్రాలు ఎందుకు చేయకూడదు?

సూటిగా చెబుతాను. పూడదు. అందులో వచ్చే సొమ్ము చూడటానికి కనిపించేంత పెద్దది కాదు. వచ్చే కాస్తా పోగొట్టుకునే స్తోమత లేని ఇళ్ల నుంచే ఎక్కువగా వస్తుంది. ఒకసారి ఆ సొమ్ముకు అలవాటు పడిన ప్రభుత్వం దాన్ని వదులుకోలేదు. చాటుమాటు జూదాన్ని అదుపులో పెట్టడానికి కొన్ని ఆటలను చట్టం కిందికి తేవాలన్న వాదన వేరు. దాన్ని నేను కొట్టిపారేయను, చివర్లో దాని గురించి రాస్తాను. లోటు పూడ్చడానికి మాత్రం అది పనికిరాదు.

నేను చెన్నైలో ప్రభుత్వ లెక్కల తనిఖీలో పనిచేసి పదవీ విరమణ చేశాను. సర్వీసులో ఉండగానే మా ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో అప్పుల దరఖాస్తులు పరిశీలించే బాధ్యత కూడా చాలాకాలం చూశాను. అందువల్ల జూదం సొమ్ము ఖజానా పద్దులో ఎలా కనిపిస్తుందో, ఆడేవాళ్ల ఇంట్లో ఎలా కనిపిస్తుందో రెండూ చూడవలసి వచ్చింది.

ముందు మొత్తాల సంగతి. ఈ మధ్య అందరికీ ఆశ పుట్టించినది ఆన్‌లైన్ ఆటల మీద వచ్చిన జీఎస్టీ. 2023 అక్టోబరు 1 నుంచి ఆటగాడు జమ చేసే మొత్తం సొమ్ము మీద 28 శాతం పన్ను వేశారు. అంతకుముందు 1,349 కోట్ల రూపాయలుగా ఉన్న రాబడి ఆ తర్వాతి ఆరు నెలల్లో 6,909 కోట్లకు, అంటే 412 శాతం పెరిగిందని కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2024 సెప్టెంబరులో ప్రకటించారు. ఈ సంఖ్య ఒక్కటే చూస్తే ఎవరికైనా మీకు వచ్చిన ఆలోచనే వస్తుంది.

కానీ అది దేశం మొత్తం మీద వచ్చినది. అందులో కేంద్రానికీ, రాష్ట్రాలన్నింటికీ వాటా ఉంది. ఏడాదికి సుమారు 14 వేల కోట్లు అనుకుందాం. తమిళనాడు ఒక్క రాష్ట్రానికే 2024-25 సవరించిన అంచనాల ప్రకారం రెవెన్యూ లోటు 46,467 కోట్లు. దేశంలో అందరూ ఆడిన ఆటల మీద వచ్చిన పన్నంతా తెచ్చి ఈ ఒక్క రాష్ట్రానికి ఇచ్చినా మూడో వంతు పూడదు. మీ కర్ణాటక సంగతి, మన రెండు తెలుగు రాష్ట్రాల సంగతి ఇంకా మిగిలే ఉంటాయి.

అదే సంఖ్యను వెనక్కి తిప్పి చూడండి. తనిఖీలో మేము ఎప్పుడూ చేసే పని అదే. 28 శాతం పన్ను 6,909 కోట్లు అయిందంటే జనం జమ చేసిన సొమ్ము సుమారు 24,700 కోట్లు. ఆ ఖాతాలోనే గెలిచి మళ్లీ పందెం పెట్టిన డబ్బు మీద ఈ పన్ను లేదు. అంటే ఇదంతా ఆరు నెలల్లో కొత్తగా బ్యాంకు ఖాతాల్లోంచి, జీతాల్లోంచి, అప్పుల్లోంచి బయటికి వచ్చిన డబ్బు. ఏటా సుమారు 45 కోట్ల మంది ఈ ఆటల్లో దాదాపు 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని 2025లో నిషేధ బిల్లు తెచ్చినప్పుడు కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. చేతికి వస్తున్న పన్నును వదులుకుని ఆ చట్టం చేశారు. ఆ పన్ను నిజంగా లోటును మోసేంత పెద్దదైతే వదిలేవారా?

ఇంకో విషయం చాలామంది గమనించరు. జూదం, పందేలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా 34వ అంశం, వాటి మీద పన్ను జీఎస్టీకి ముందు అదే జాబితా 62వ అంశంలో ఉండేది. ఒకప్పుడు రాష్ట్రం తనకు తోచిన రేటు వేసుకునేది. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ పన్ను అందులో కలిసిపోయింది. రేటు నిర్ణయించేది జీఎస్టీ మండలి, వసూలైన దాంట్లో సగం కేంద్రానిది. 2025 సెప్టెంబరు 22 నుంచి క్యాసినోలకు, గుర్రప్పందేలకు, లాటరీలకు రేటు 40 శాతం. రాష్ట్రం చేతిలో సొంతంగా మిగిలింది లైసెన్సు రుసుములే. పోలీసు ఖర్చు, ఆసుపత్రి ఖర్చు, అప్పుల పాలైన కుటుంబాల భారం మాత్రం పూర్తిగా రాష్ట్రం మీదే పడతాయి. లోటుతో ఉన్న రాష్ట్రం ఇలాంటి బేరానికి దిగడం నాకు అర్థం కాదు.

ఇక కేరళ. మీ ప్రశ్నకు ఊతం కేరళే కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. 1967లో లాటరీ శాఖ పెట్టి, 1968 జనవరి 26న మొదటి డ్రా తీశారు. టికెట్టు ఒక రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. ప్రభుత్వమే నేరుగా నడిపే లాటరీల్లో అంత పద్ధతిగా సాగుతున్నది మన దేశంలో మరొకటి లేదని ఒప్పుకోవాలి. వికలాంగులు, వృద్ధులు ఎందరో ఆ టికెట్లు అమ్ముకుని బతుకుతున్నారు. 2011లో మొదలైన కారుణ్య లాటరీ సొమ్ముతో పేద రోగులకు వైద్య సహాయం అందింది. వీటిని నేను తక్కువ చేయను.

కానీ లెక్క ఎలా రాస్తారో చూడండి. ప్రభుత్వ పద్దుల్లో లాటరీ టికెట్ల అమ్మకం 0075 అనే రాబడి పద్దు కింద 103వ ఉపపద్దులో చేరుతుంది. బహుమతులు, ఏజెంట్ల కమీషను, అచ్చు ఖర్చు 2075 అనే వ్యయపు పద్దులో 103 కింద పడతాయి. రెండూ వేర్వేరు సంపుటాల్లో ఉంటాయి. అందువల్ల రాబడి వైపు మాత్రమే చూసేవారికి అమ్మకం మొత్తం ప్రభుత్వ ఆదాయంలాగే కనిపిస్తుంది. 2018-19లో కేరళ లాటరీ అమ్మకాలు 9 వేల కోట్లు దాటాయి. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చేది ఆ సంఖ్యే. బహుమతులూ కమీషన్లూ పోగా మిగిలిన లాభం 1,700 కోట్ల లోపే. ఆ ఏడాది ఆ రాష్ట్ర మొత్తం రెవెన్యూ రాబడి సుమారు 93 వేల కోట్లు. అంటే లాటరీ లాభం అందులో రెండు శాతం కూడా కాదు. జీఎస్టీలో రాష్ట్ర వాటా దీనికి అదనంగా వస్తుంది, అయినా చిత్రం పెద్దగా మారదు.

స్థూలం చూసి నికరం అనుకోవద్దు. ప్రభుత్వ ఆదాయం గురించి ఎవరు ఏ సంఖ్య చెప్పినా నేను మొదట అడిగేది అదే. ఆదాయపు పన్ను శాఖకు వంద రూపాయలు వసూలు చేయడానికి ఒక రూపాయి కూడా ఖర్చు కాదు. లాటరీలో వంద రూపాయల టికెట్లు అమ్మితే లాభంగా మిగిలేది 18 రూపాయలు. సగానికి పైగా బహుమతులుగా తిరిగి వెళ్తుంది, నిజమే. కానీ వెళ్లేది పోగొట్టుకున్నవారి చేతికి కాదు. మిగతాది టికెట్టు చేతులు మారే దారిలో కరిగిపోతుంది. జనం దగ్గర ఒక రూపాయి తీసుకోవడానికి ఇంత వృథా అయ్యే పద్ధతి ప్రభుత్వం చేతిలో మరొకటి ఉందా అని నాకు అనుమానం.

ఇంతా చేసి, 56 ఏళ్లు లాటరీ నడిపిన ఆ రాష్ట్రమే అప్పు పరిమితి చాలడం లేదని 2023 డిసెంబరులో కేంద్రం మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. దానికి కారణాలు వేరే ఉన్నాయి, తప్పొప్పుల జోలికి నేను వెళ్లను. లాటరీ ఉన్నా లోటు ఉండనే ఉందన్నదే నేను చెప్పదలచుకున్నది.

తమిళనాడు అనుభవం మీకు ఇంకా దగ్గరిది. ఇక్కడ అణ్ణాదురై ప్రభుత్వం 1968లో లాటరీ తెచ్చింది. మధ్యలో ఆగి మళ్లీ మొదలైంది. ఈశాన్య రాష్ట్రాల లాటరీలు కూడా వచ్చి చేరాక, తొంభైల్లో చెన్నైలో టికెట్ల బడ్డీ లేని వీధి అరుదు. సెంట్రల్ స్టేషన్ చుట్టూ, ప్యారిస్ కార్నర్‌లో, కోయంబేడులో ఫలితాల కోసమే అచ్చయిన పత్రికలు చేతుల్లో పట్టుకుని జనం గుమిగూడి ఉండేవారు. 2003 జనవరిలో జయలలిత ప్రభుత్వం అన్ని లాటరీలనూ నిషేధించింది. కర్ణాటక 2007లో అదే పని చేసింది.

మా సంఘంలో అప్పు దరఖాస్తుకు ఇద్దరు తోటి ఉద్యోగుల జామీను కావాలి. అప్పు ఎందుకో రాయడానికి ఒక గడి ఉంటుంది. ఇంటి మరమ్మతు, పిల్లల చదువు, వైద్యం అని రాస్తారు. లాటరీ కోసం అని ఎవరూ రాయరు. కానీ కొంతకాలం ఆ కాగితాలు చూసినవారికి పోలిక తెలిసిపోతుంది. మొదట పండగ అడ్వాన్సు పూర్తిగా తీసేస్తారు. తర్వాత భవిష్యనిధిలోంచి తీస్తారు. ఆ తర్వాత మా సంఘం అప్పు, దాని వాయిదా కట్టడానికి నగల తాకట్టు, తాకట్టు విడిపించడానికి బయట మీటర్‌లా పరిగెత్తే వడ్డీకి అప్పు. ఒకరికొకరు జామీను ఉన్న ముగ్గురి కాగితాలూ ఒకే వారంలో వస్తే నేను సంతకం పెట్టే ముందు వాళ్లను పిలిచి మాట్లాడేదాన్ని.

ఒక అటెండరు భార్య తాకట్టు కొట్టు రసీదులన్నీ పసుపు సంచిలో వేసుకుని వచ్చి నా బల్ల మీద పరిచింది. అన్నీ చిన్న మొత్తాలే. ముక్కుపుడక, పిల్ల కాలి పట్టీలు, ఇత్తడి బిందె. తేదీలు వరసగా పెట్టి చూస్తే ప్రతి రసీదూ నెలలో పదో తేదీలోపుదే. జీతం అంతకు ముందే అయిపోయేదన్న మాట. ఆమె అడిగినది ఒకటే: ఆయన జీతం తన చేతికి ఇవ్వగలరా అని. నిబంధనలు ఒప్పుకోవు. కొత్త అప్పు మాత్రం ఆపించగలిగాను. ఆ ఇంటి నుంచి ఖజానాకు టికెట్టుకు ఎన్ని పైసలు చేరి ఉంటాయో లెక్క వేస్తే, ఆ పైసలతో ఏ లోటూ పూడదని మీకు అర్థమవుతుంది. ఆ ఇల్లు మాత్రం గుల్లయిపోయింది.

నిషేధం తర్వాత ఆ రకం దరఖాస్తులు కళ్ళకు కనిపించేంతగా తగ్గాయి. పూర్తిగా ఆగలేదు. ఫోన్లలో రమ్మీ వచ్చాక మళ్లీ మొదలయ్యాయి. ఈసారి వయసు చిన్నది, మొత్తాలు పెద్దవి. బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించుకుంటే అర్ధరాత్రి దాటాక ఐదు వందలు, మళ్లీ ఐదు వందలు, వెయ్యి, రెండు వేలు అని తెల్లవారుజాము దాకా వరసలు. రాత్రి 12 నుంచి ఉదయం 5 దాకా డబ్బుతో ఆడే ఆటలు ఆపాలని తమిళనాడు 2025లో నిబంధన తెచ్చినప్పుడు, కంపెనీలు కోర్టుకు వెళ్లినా మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆ వరసలు చూసిన నాకు ఆ నిబంధన ఎంత అవసరమో ఎవరూ చెప్పనక్కరలేదు.

అసలు ప్రమాదం అలవాటు పడటం. ఆడేవాళ్ల సంగతి కాదు, ప్రభుత్వం సంగతి. లాటరీ ఆపిన 2003లోనే తమిళనాడులో మద్యం చిల్లర దుకాణాలను ప్రభుత్వ సంస్థ టాస్మాక్ తన చేతికి తీసుకుంది. 2024-25లో మద్యం మీద వచ్చిన రాబడి 48,344 కోట్లు. రాష్ట్ర రెవెన్యూ లోటుకు దాదాపు సమానం. ఇంత సొమ్ము వచ్చినా లోటు పోలేదు, ఎందుకంటే ఖర్చు ఆ ఆదాయాన్ని నమ్ముకుని పెరిగింది. ఇప్పుడు దుకాణాలు మూసేద్దామని ఎవరు అన్నా ఆర్థిక శాఖ అడిగే మొదటి ప్రశ్న: ఆ 48 వేల కోట్లు ఎక్కడి నుంచి తెస్తారు?

మన తెలుగువాళ్లకు ఇది ఇంకా బాగా తెలియాలి. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరు జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. దొంగ సారా, అక్రమ రవాణా కారణాలుగా చెప్పారు, అవి నిజమే. ఖజానాకు పడిన గండి కూడా అంతే నిజం. అంత పెద్ద ఉద్యమం సాధించిన దాన్ని రెండేళ్లలో ఆదాయం లెక్క కదిలించగలిగింది. జూదానికి రేపు అలాంటి స్థానమే ఇచ్చి కూర్చోబెడితే, దాన్ని దించడానికి అంతకన్నా పెద్ద ఉద్యమం కావాలి.

పైగా మద్యానికీ జూదానికీ ఖజానా కోణంలో ఒక తేడా ఉంది. జూదం రాబడి ఏటా పెరగాలని బడ్జెట్‌లో రాశారంటే, జనం ఏటా ఇంకా ఎక్కువ పోగొట్టుకోవాలని రాసినట్టే. ఆ లక్ష్యం అందుకోవడానికి ప్రభుత్వమే ప్రకటనలు ఇవ్వాలి, కొత్త ఆటలు పెట్టాలి. ప్రజల జేబు కాపాడవలసిన శాఖే ఆ జేబు ఖాళీ అవ్వాలని కోరుకునే స్థితి వస్తుంది.

బయటి దేశాల సంగతి క్లుప్తంగా. అమెరికాలో అట్లాంటిక్ సిటీ అనే ఊరిని నిలబెట్టడానికి న్యూజెర్సీ ప్రజలు 1976లో క్యాసినోలకు ఓటేశారు, 1978లో మొదటిది తెరిచారు. పక్క రాష్ట్రాలూ క్యాసినోలు తెరవడంతో ఆడేవాళ్లు అటు పోయారు. 2014లో ఒకే ఏడాది నాలుగు క్యాసినోలు మూతపడ్డాయి, 2016లో ఆ ఊరి ఆర్థిక వ్యవహారాలను రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది. చైనా ఏలుబడిలోని మకావులో ప్రభుత్వ ఆదాయంలో సుమారు 80 శాతం జూదం పన్నే. కోవిడ్ వచ్చిన 2020లో అక్కడి క్యాసినోల రాబడి దాదాపు 80 శాతం పడిపోయింది. సింగపూర్ ఉదాహరణ చాలామంది చెబుతారు. అక్కడ 2010లో క్యాసినోలు తెరిచినప్పుడే సొంత పౌరులకు రోజుకు 100 సింగపూర్ డాలర్ల ప్రవేశ రుసుము పెట్టారు, 2019లో 150 చేశారు. కుటుంబ సభ్యులు కోరితే ఒక మనిషిని లోపలికి రానివ్వకుండా ఆదేశం ఇస్తారు. వాళ్లకు కావలసింది విదేశీ పర్యాటకుల సొమ్ము. అంబత్తూరులోనో పీణ్యాలోనో షిఫ్టు దిగి వచ్చే కార్మికుడి సొమ్ము మీద మన రాష్ట్రం ఆధారపడటానికి సింగపూర్‌ను సాక్ష్యంగా తేవడం సరికాదు.

ఈ సొమ్మును చదువుకో వైద్యానికో ప్రత్యేకంగా కేటాయిస్తే సరిపోతుంది కదా అని కూడా అంటారు. లెక్కలు చూసినవారిని అడగండి. లాటరీ నుంచి విద్యకు వెయ్యి కోట్లు వస్తే, సాధారణ నిధుల నుంచి విద్యకు ఇచ్చేది రెండు మూడేళ్లలో నెమ్మదిగా అంత మేరకు తగ్గుతుంది. మొత్తం కేటాయింపు మారదు, బడి గోడ మీద లాటరీ పేరు మాత్రం పడుతుంది. అమెరికా రాష్ట్రాల్లో ఎన్నోచోట్ల జరిగింది ఇదే.

ఖజానాకు సొమ్మే కావాలంటే వెతకవలసిన చోట్లు వేరే ఉన్నాయి. గిండీ గుర్రప్పందేల మైదానం అందుకు మంచి ఉదాహరణ. 160 ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమిని 1945లో రేస్ క్లబ్బుకు 99 ఏళ్ల లీజుకు ఇచ్చారు, అద్దె ఏడాదికి 614 రూపాయల చిల్లర. నగరం నడిబొడ్డున. 1974లో ప్రభుత్వం గుర్రప్పందేలనే రద్దు చేస్తూ చట్టం చేసింది. అది నైపుణ్యపు ఆట అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇన్నేళ్లూ పందేలు మంచివా చెడ్డవా అన్న చర్చ సాగింది గాని, అద్దె సంగతి వెనకబడింది. 2023లో మద్రాసు హైకోర్టు 730 కోట్లకు పైగా అద్దె బకాయి కట్టమంది. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం లీజు రద్దు చేసి ఆ స్థలానికి తాళం వేసింది, వ్యాజ్యం ఆ తర్వాత కూడా నడిచింది. ఒక్క లీజు మీద ఇంత బకాయి. రాష్ట్రమంతా ప్రభుత్వ భూముల లీజులు, విద్యుత్ సంస్థల నష్టాలు, ఆస్తి పన్ను సవరణలు, వాణిజ్య పన్నుల పాత బకాయిలు ఉన్నాయి. వీటి మీద పనిచేయడం విసుగు పుట్టించే పని, ప్రకటనలకు పనికిరాని పని. కానీ లోటు నిజంగా తగ్గేది అక్కడే.

చివరగా, "ఎలాగూ ఆడుతున్నారు" అన్న మాట. మీ ప్రశ్నలో బలమైన వాదన ఇదే. నిషేధం అన్నిటినీ ఆపలేదు. తమిళనాడులో మూడంకెల లాటరీ చాటుగా సాగుతూనే ఉంది. 2019 డిసెంబరులో విళుప్పురంలో ఆ అప్పుల భారంతో ఒక కుటుంబం కుటుంబమే ప్రాణాలు తీసుకుంది. సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందేల బరులు ఎలా నడుస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

కానీ చట్టబద్ధం చేస్తే ఈ జూదమంతా పన్ను కట్టే దుకాణానికి నడిచి వస్తుందనుకోవడం సరికాదు. చాటుగా ఆడించేవాడు అప్పు ఇస్తాడు, పేరు అడగడు, పన్ను వేయడు. 40 శాతం పన్ను కట్టే ఆట అతనితో పోటీ పడలేదు. పోటీ పడాలంటే పన్ను బాగా తగ్గించాలి. తగ్గిస్తే మీరు ఆశించిన రాబడి రాదు. ఆదాయమూ అదుపూ ఒకే చట్టంతో రావు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. నన్ను అడిగితే అదుపే ఎంచుకోమంటాను.

ఏ ప్రభుత్వమైనా ఆ ఉద్దేశంతోనే ముందుకు వస్తే, చట్టంలో ఇవి ఉన్నాయో లేదో చూడండి. ఆ రాబడిని మామూలు రెవెన్యూ పద్దులో కలపకుండా విడి నిధిలో ఉంచాలి, జీతాలకూ పథకాలకూ వాడకూడదు. అందులోంచే చికిత్స, అప్పుల పరిష్కారం, పోలీసు ఖర్చు భరించాలి. భార్యగానీ తల్లిగానీ దరఖాస్తు పెట్టుకుంటే ఆ మనిషి ఖాతా మూయించే హక్కు ఉండాలి. అరువు మీద ఆడించడం నేరం కావాలి. ఎక్కడా ప్రకటన ఉండకూడదు. ఇవన్నీ పెట్టాక ఖజానాకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అప్పుడు కూడా ఆ చట్టం కావాలని కోరే ఆర్థిక మంత్రి ఉంటే, ఆయన నిజంగా జనం గురించే ఆలోచిస్తున్నారని నమ్ముతాను.

ఉద్యోగాలు పోయిన మీ మిత్రుల సంగతి నాకు బాధగానే ఉంది. 2025 చట్టం డబ్బు పందెం లేని ఆటలను, ఈ-స్పోర్ట్స్‌ను నిషేధించలేదు, ప్రోత్సహిస్తామనే చెప్పింది. వాళ్లు నేర్చిన పని అక్కడా పనికివస్తుంది. ఈలోగా ఎవరైనా ఇంటి అప్పు వాయిదా కట్టలేని స్థితిలో ఉంటే, వాయిదా తప్పక ముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగమనండి. తప్పాక అడిగితే షరతులు కఠినంగా ఉంటాయి.